గుమ్మడికాయ మీద దారం

(శ్రీకాకుళంలో ఇంటర్ విద్యార్థులు, వాళ్ల తల్లిదండ్రుల ముందు ఒక విశ్రాంత లెక్కల మాస్టారు చేసిన ప్రసంగానికి రాతరూపం)

అందరికీ నమస్కారం. వెనక బెంచీలకు వినిపిస్తోందా? సరే.

మన జిల్లాలో ఎవరినైనా "టెక్కలి ఎంత దూరమండీ?" అని అడగండి. "గంట" అంటారు. "పలాస?" అంటే "గంటన్నర పైనే" అంటారు. కిలోమీటర్లు ఎవరూ చెప్పరు. దూరం అడిగితే కాలం చెప్పడం మనకి అలవాటు. బస్సుకి అది చాలు కూడా. రోజూ అదే రోడ్డు, అదే బస్సు, అదే చోట టీకి ఆపడం.

విమానం దగ్గరికొచ్చేసరికి ఈ అలవాటు మనల్ని ముంచుతుంది. అక్కడ రెండు ఊళ్ల మధ్య దూరం ఒక లెక్క. ఎగరడానికి పట్టే సమయం ఇంకో లెక్క. టికెట్ మీద కనిపించే టైము మూడో లెక్క. ఈ మూడింటినీ కలిపేసి నేను ఎలా భంగపడ్డానో ముందు చెబుతాను. మీరు నవ్వుకోవచ్చు, మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

మా మేనల్లుడు సింగపూర్‌లో ఉద్యోగం. మొదటిసారి సెలవు మీద వస్తూ ఫోన్ చేశాడు. "మావయ్యా, ఇక్కడ రాత్రి 8:40కి ఫ్లైటు. నాలుగు గంటల ప్రయాణం. విశాఖలోనే దిగుతాను" అన్నాడు. నేను లెక్కల మాస్టార్ని కదా, నోటితో కూడేశాను. 8:40కి నాలుగు కలిపితే 12:40. నింపాదిగా భోంచేసి తొమ్మిదిన్నరకి కారెక్కాం. రణస్థలం దగ్గర టీ తాగుతుంటే ఫోన్ మోగింది. "మావయ్యా, దిగిపోయాను. ఎక్కడున్నారు?" అప్పుడు టైము 10:25. మేం చేరేసరికి అర్ధరాత్రి. వాడు సామాను మీద కూర్చుని ఉన్నాడు. కారు డ్రైవరు నాకేసి చూసి, "మాస్టారూ, పిల్లలకి లెక్కలు చెప్పేది తమరేనా?" అన్నాడు. (నవ్వులు)

8:40 అన్నది సింగపూర్ గడియారం. మనకంటే రెండున్నర గంటలు ముందు. అంటే మన టైము ప్రకారం వాడు సాయంత్రం 6:10కే బయలుదేరాడు. నాలుగు కలిపితే 10:10. ఇంత చిన్న విషయం. కూడిక తప్పలేదు, ఏ గడియారంలో కూడుతున్నానో చూసుకోలేదు. అదిగో, ఆ రాత్రి నుంచి పట్టుకున్నాను ఈ లెక్కని.

ముందు దూరం సంగతి చూద్దాం.

బల్ల మీద ఈ గుమ్మడికాయ ఎందుకు పెట్టానా అని ఇందాకటి నుంచి చూస్తున్నారు. సంతలో కొన్నది, అయిపోయాక దప్పళానికి పనికొస్తుంది. దీని మీద చారలు చూడండి. పైన ముచ్చిక దగ్గర అన్నీ కలిసి మొదలవుతాయి. పొట్ట దగ్గరికి వచ్చేసరికి ఎడంగా విడిపోతాయి. కింద మళ్లీ అన్నీ కలుస్తాయి. రేఖాంశాలు అంటే ఇవే. ముచ్చిక ఉత్తర ధ్రువం, పొట్ట భూమధ్యరేఖ. ఈ కాయ మీద రేఖాంశాలు అర్థమైన పిల్లవాడు పుస్తకంలో బొమ్మ చూసి తికమక పడడు.

భూమి చుట్టుకొలత సుమారు 40,000 కిలోమీటర్లు. చుట్టూ 360 డిగ్రీలు. భాగిస్తే డిగ్రీకి 111 కిలోమీటర్లు. ఉత్తరం నుంచి దక్షిణానికి వెళ్లేటప్పుడు ఎక్కడైనా ఇంచుమించు ఇదే లెక్క. తూర్పు పడమరలకి అలా కాదు. పొట్ట దగ్గర చారల మధ్య ఎడం ఎక్కువ, పైకి పోయేకొద్దీ తక్కువ. ఎంత తక్కువ? ఆ ఊరి అక్షాంశానికి కొసైన్ ఎంతో అంత. శ్రీకాకుళం అక్షాంశం సుమారు 18.3 డిగ్రీలు, దాని కొసైన్ 0.95. కాబట్టి మన దగ్గర ఒక రేఖాంశానికీ పక్కదానికీ మధ్య 105, 106 కిలోమీటర్లే. 60 డిగ్రీల దగ్గర సగానికి సగం పడిపోతుంది.

ఇప్పుడు విశాఖ నుంచి హైదరాబాద్ లెక్క కడదాం. విశాఖ విమానాశ్రయం ఉత్తర అక్షాంశం 17.72, తూర్పు రేఖాంశం 83.22. శంషాబాద్ 17.24, 78.43. ఉత్తర దక్షిణాల తేడా 0.48 డిగ్రీలు, 111తో గుణిస్తే 53 కిలోమీటర్లు. తూర్పు పడమరల తేడా 4.79 డిగ్రీలు, 111తో గుణించి, రెండు ఊళ్లకీ మధ్యన ఉన్న అక్షాంశపు కొసైన్ 0.954తో మళ్లీ గుణిస్తే 507. లంబకోణ త్రిభుజానికి రెండు భుజాలు దొరికాయి. కర్ణం కావాలి. తొమ్మిదో తరగతి పిల్లాడు చేసేస్తాడు. 510 కిలోమీటర్లు. రోడ్డు మీద ఆరువందల పైమాటే. విమానానికి అన్నవరం మలుపులు లేవు, రాజమండ్రి వంతెన లేదు.

ఇక్కడ పిల్లలు చేసే తప్పు ఒకటి చెప్పి ముందుకు పోతాను. పాత అట్లాసుల్లో రేఖాంశాన్ని 83 డిగ్రీల 13 నిమిషాలు అని రాస్తారు. దాన్ని 83.13 అని కాలిక్యులేటర్లో కొట్టేస్తారు. డిగ్రీకి 60 నిమిషాలు, వంద కాదు. 13ని 60తో భాగించాలి, 0.22 వస్తుంది. 83.13 అని కొట్టారా, మీ విశాఖ విమానాశ్రయం తొమ్మిది పది కిలోమీటర్లు పడమరకి జరిగిపోయినట్టే.

ఈ త్రిభుజం పద్ధతి హైదరాబాద్ నుంచి దుబాయ్ వరకు కూడా బాగానే పనిచేస్తుంది. నేను వేసి చూశాను, సుమారు 2,550 కిలోమీటర్లు వచ్చింది. అసలు లెక్కకీ దానికీ తేడా ఐదారు కిలోమీటర్లే. సంతోషించి బెంగళూరు నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి వేశాను. 16,300 వచ్చింది. అసలు దూరం 14,000 దగ్గర. రెండు వేల మూడొందల కిలోమీటర్లు తప్పు! శ్రీకాకుళం నుంచి నేరుగా ఢిల్లీకి వెళ్లి మళ్లీ ముప్పావు దూరం వెనక్కి వచ్చేంత.

తప్పు ఎక్కడుంది? దారం ఇలా ఇవ్వు బాబూ.

కాయ మీద ఇటు ఒక చుక్క, అటు ఒక చుక్క పెట్టాను. రెండూ పొట్టకి కొంచెం పైన, ఒకే ఎత్తులో ఉన్నాయి. మన పటం ఏం చెబుతుంది? అడ్డంగా నేరుగా పో అంటుంది. దారాన్ని అలా అడ్డంగా పెట్టి చూడండి. ఇప్పుడు రెండు కొసలూ పట్టుకుని బిగించి లాగుతాను. చూశారా, దారం దానంతట అదే ముచ్చిక వైపు జరిగిపోయింది! పొడవు కూడా తగ్గింది. బిగిసిన దారానికి త్రికోణమితి ఏమీ రాదు, అయినా దగ్గర దారి దానికి తెలుసు. గోళం మీద దగ్గర దారి అంటే మహావృత్తంలో ఒక ముక్క. భూమిని సరిగ్గా రెండు సమాన భాగాలుగా కోస్తే కోసిన అంచు మీద కనిపించేదే మహావృత్తం. అమెరికా వెళ్లే విమానం ఉత్తర ధ్రువం వైపు ఎందుకు పోతుందని అడుగుతారు. చుట్టూ తిరిగి పోవడం కాదు అది, అదే నేరు దారి. గోడ మీద తగిలించిన పటమే మనల్ని మోసం చేస్తోంది.

ఆ దారం పొడవుని కాగితం మీద పట్టుకునే సూత్రం ఒకటుంది. రెండు అక్షాంశాల సైన్లనీ గుణించండి. రెండు అక్షాంశాల కొసైన్లనీ, రేఖాంశాల తేడా కొసైన్‌నీ, ఈ మూడింటినీ గుణించండి. రెండూ కూడండి. ఆ వచ్చింది ఏ కోణానికి కొసైనో చూడండి. అంతే. హైదరాబాద్, దుబాయ్‌లకి వేస్తే 0.921 వస్తుంది. అది 22.9 డిగ్రీల కొసైన్. భూమి మధ్యలో నిలబడి ఒక చెయ్యి హైదరాబాద్ వైపు, ఇంకో చెయ్యి దుబాయ్ వైపు చాపితే చేతుల మధ్య కోణం అది. డిగ్రీకి 111.2 చొప్పున 2,546 కిలోమీటర్లు. కాలిక్యులేటర్ డిగ్రీల్లో ఉందో రేడియన్లలో ఉందో చూసుకోండి. కంప్యూటర్లో చేసేవాళ్లకయితే అక్కడ అంతా రేడియన్లే. పడమర రేఖాంశానికి మైనస్ పెట్టడం మర్చిపోకండి, లేకపోతే న్యూయార్క్ వెళ్లి మధ్య ఆసియాలో పడుతుంది. వచ్చిన జవాబు 20,000 దాటితే మళ్లీ చూసుకోండి. భూమి మీద ఏ రెండు ఊళ్ల మధ్యా అంతకు మించి దూరం ఉండే వీలు లేదు, చుట్టుకొలతలో సగం అది.

ఇక్కడ కాస్త పక్కదారి పడతాను, క్షమించాలి. ఈ సైన్ అన్న మాట విని ఇంగ్లీషు వాళ్ల సొత్తు అనుకుంటాం. ఆర్యభటుడు దాన్ని జ్యా అన్నాడు. జ్యా అంటే వింటినారి. వృత్తంలో ఒక ముక్క విల్లులా, దాని కొసలు కలిపే గీత నారిలా ఉంటుంది కదా. జ్యా, జీవా అన్న మాట అరబ్బుల దగ్గర జీబ అయింది. వాళ్ల లిపిలో అచ్చులు రాయరు కాబట్టి దాన్ని తరవాతి వాళ్లు జైబ్ అని చదువుకున్నారు. జైబ్ అంటే బట్ట మడత, గుండెల దగ్గరి వంపు. లాటిన్‌లోకి మార్చినవాళ్లు దాన్ని సైనస్ అన్నారు. అలా మన వింటినారి బట్ట మడతయి సైన్‌గా తిరిగొచ్చింది. మన పాత ఖగోళ సిద్ధాంత గ్రంథాల్లో ఉత్క్రమజ్యా అని ఇంకోటుంది, ఒకటిలోంచి కొసైన్ తీసేస్తే మిగిలేది. పాత నావికులు దూరాలు కట్టడానికి వాడిన హావర్‌సైన్ అన్నది అందులో సగం. కొసైన్ సూత్రంతో చిక్కేమిటంటే, రెండు ఊళ్లు బాగా దగ్గరగా ఉంటే జవాబు 0.9999 అని వచ్చి ఆగుతుంది, చేత్తో పట్టికలు చూసుకునేవాడికి తేడా దొరకదు. అందుకు హావర్‌సైన్ పట్టుకున్నారు. ఇప్పుడు కాలిక్యులేటర్లో పది అంకెలుంటాయి, ఆ బాధ లేదు.

పైలట్లు కిలోమీటర్లు వాడరు, నాటికల్ మైళ్లు వాడతారు. అదేదో ఫ్యాషన్ అనుకునేవాడిని. కాదు. డిగ్రీలో అరవయ్యో వంతు, అంటే ఒక నిమిషం కోణానికి భూమి మీద ఎంత దూరమో అదే ఒక నాటికల్ మైలు, 1.852 కిలోమీటర్లు. మన 22.9ని 60తో గుణిస్తే 1,374 నాటికల్ మైళ్లు. భూమి వ్యాసార్ధం కూడా అక్కర్లేదు. కోణమే దూరం అయిపోయింది. కళింగపట్నం, భీమిలి రేవులకి ఓడలొచ్చిన రోజుల్లో ఆ నావికులు లెక్క కట్టుకున్నదీ ఈ కొలతలోనే.

భూమి నిజానికి పూర్తి గుండ్రం కాదు. ఈ గుమ్మడికాయలాగే పైనా కిందా కాస్త నొక్కుకుని ఉంటుంది, కాకపోతే ఇంతగా కాదు. మధ్యలో వ్యాసార్ధం 6,378 కిలోమీటర్లు, ధ్రువాల వైపు 6,357. దాంతో మన లెక్కలో వచ్చే తేడా అర శాతం మించదు. ఇంధనం నింపేవాడికి కావాలేమో, మనకి అక్కర్లేదు.

దూరం అయింది. ఇక సమయం.

దూరం లెక్క ఒక్కసారి కడితే చాలు, నిన్నా రేపూ మారదు. సమయం అలా కాదు, రోజూ మారుతుంది. అయినా ఒక మొరటు లెక్క ఉంది. దూరాన్ని 800తో భాగించి అరగంట కలపండి. విశాఖ నుంచి హైదరాబాద్: 510ని 800తో భాగిస్తే 38 నిమిషాలు, అరగంట కలిపితే గంటా ఎనిమిది నిమిషాలు. టికెట్ మీద కూడా గంటా పది, గంటా పావు అలాగే ఉంటుంది. విశాఖ నుంచి సింగపూర్ 2,900 కిలోమీటర్లు. నాలుగు గంటలూ ఎనిమిది నిమిషాలు. మా మేనల్లుడు చెప్పిన నాలుగు గంటలు ఇక్కడికి సరిపోయాయి. రెక్కల మీద పంకాలు తిరిగే చిన్న విమానమయితే 800 బదులు 450 పెట్టుకోండి.

ఆ అరగంట ఎందుకు? విమానం గేటు నుంచి కదిలిన క్షణం నుంచి అవతల గేటు దగ్గర ఆగేదాకా టికెట్ మీద టైము లెక్కిస్తారు. రన్‌వే దాకా మెల్లగా పాక్కుంటూ పోవాలి, ముందు రెండు విమానాలుంటే ఆగాలి. లేచాక ముప్పై ఐదు వేల అడుగులు ఎక్కాలి. దిగేటప్పుడు పైలట్ల లెక్క ఒకటుంది: ఎత్తు ఎన్ని వేల అడుగులో దానికి మూడు రెట్లు నాటికల్ మైళ్ల ముందే దిగడం మొదలుపెట్టాలి. 35కి మూడు రెట్లు 105. అంటే 195 కిలోమీటర్ల ముందు. విశాఖలో లేచిన విమానం ఎక్కడానికి రెండొందల కిలోమీటర్లు, దిగడానికి రెండొందల కిలోమీటర్లు పోతే, నిలకడగా ఎగిరేది వంద కిలోమీటర్లు. అందుకే పాపం ఆ అమ్మాయిలు టీ కప్పులు ఇస్తూనే మళ్లీ వెనక్కి తీసుకుంటుంటారు.

ఇప్పుడు గాలి. ఇది నాకు చాలా ఇష్టమైన భాగం.

నాగావళిలో పడవ చూశారు కదా. నది వాలున పోతే తెడ్డు వెయ్యకపోయినా పోతుంది, ఎదురు పోతే చేతులు పడిపోతాయి. విమానం గాలిలో పడవ. దాని వేగం గాలితో పోల్చి చెప్పేది. గంటకి 830 అంటే గాలిని చీల్చుకుంటూ 830. ఆ గాలే ఎదురు కదులుతుంటే నేల మీద లెక్క పడిపోతుంది. పై ఎత్తుల్లో, ముఖ్యంగా శీతాకాలంలో ఉత్తర భారతం మీదుగా, గాలి పడమర నుంచి తూర్పుకి జోరుగా వీస్తుంది. జెట్ స్ట్రీమ్ అంటారు. అందుకే దుబాయ్ వెళ్లేటప్పుడు ఎక్కువసేపు, వచ్చేటప్పుడు తక్కువసేపు. వానాకాలంలో దక్షిణాదిన ఇంకా పై ఎత్తుల్లో గాలి తిరగబడి తూర్పు నుంచి పడమరకి వీస్తుంది. 1950ల్లో ఆ గాలిని పరిశీలించి లోకానికి చెప్పినవాడు మన దేశపు వాతావరణ శాస్త్రవేత్త పి. కోటేశ్వరం గారు.

లెక్క వేద్దాం. హైదరాబాద్ నుంచి దుబాయ్ 2,546 కిలోమీటర్లు. ఎదురుగాలి గంటకి 80 అనుకోండి. 830లోంచి 80 పోతే 750, ఎగిరేది 3 గంటల 24 నిమిషాలు. తిరుగు ప్రయాణంలో 910, అప్పుడు 2 గంటల 48 నిమిషాలు. తేడా 36 నిమిషాలు. పోను ఎంత పోయిందో రాను అంత వచ్చిందిలే అనుకుంటారు. రాలేదు. రెండూ కూడితే 6 గంటల 12 నిమిషాలు. గాలి అసలు లేకపోతే రానూ పోనూ 6 గంటల 8 నిమిషాలే. నాలుగు నిమిషాలు ఎక్కడికి పోయాయి? ఎదురుగాలిలో మీరు ఎక్కువసేపు ఉన్నారు, వాలుగాలిలో తక్కువసేపు ఉన్నారు. నష్టం పడే సమయం ఎక్కువ, లాభం వచ్చే సమయం తక్కువ. ఇంటర్ పిల్లలు ఇంటికి వెళ్లి దీన్ని బీజగణితంలో నిరూపించండి. గాలి ఎంతున్నా సరే, అప్పు పూర్తిగా తీర్చదు.

ఈ గాలి ఎంత పని చేస్తుందో చెప్పడానికి ఒక సంగతి. ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి ఎయిర్ ఇండియా విమానం పడమరగా, అట్లాంటిక్ మీదుగా వెళ్లేది. దారి 13,900 కిలోమీటర్లు. 2016 అక్టోబరులో తూర్పుగా, పసిఫిక్ మీదుగా తిప్పారు. దారి 15,300 కిలోమీటర్లు. 1,400 కిలోమీటర్లు ఎక్కువ. అయినా దాదాపు రెండు గంటలు ముందే, పద్నాలుగున్నర గంటల్లో చేరింది! గాలి వీపు మీద చెయ్యి వేసి తోసుకుపోయింది. దారి పెరిగి సమయం తగ్గింది. టెక్కలి ఎంత దూరమంటే గంట అనే మన పద్ధతిలో ఇది ఇమడదు చూడండి.

గాలి కాక మనుషులు కూడా దారి పొడిగిస్తారు. 2019 ఫిబ్రవరి నుంచి జులై దాకా పాకిస్తాన్ తన ఆకాశం మూసేసింది, 2025 ఏప్రిల్లో మన విమానాలకి మళ్లీ మూసింది. ఢిల్లీ నుంచి పడమరకి పోయేవాళ్లు అరేబియా సముద్రం మీదుగా చుట్టు తిరగాల్సి వచ్చింది. దానికి ఏ సూత్రమూ లేదు.

మూడోది గడియారం. భూమి గంటకి 15 డిగ్రీలు తిరుగుతుంది, డిగ్రీకి నాలుగు నిమిషాలు. దేశం మొత్తానికి గడియారం 82.5 డిగ్రీల రేఖాంశం మీద పెట్టుకున్నాం. అది మన తుని, కాకినాడల వైపు నుంచే పోతుంది. శ్రీకాకుళం 83.9 దగ్గర ఉంది, అంటే మన సూర్యుడు గడియారం కంటే ఐదున్నర నిమిషాలు ముందు. అరసవల్లి సూర్యనారాయణ స్వామి చేతికి వాచీ పెడితే అంత తేడా చూపించాలి. (నవ్వులు)

సింగపూర్ మనకంటే రెండున్నర గంటలు ముందు. దుబాయ్ గంటన్నర వెనక. దోహా, కువైట్ రెండున్నర వెనక. టికెట్ మీద బయలుదేరే టైము ఎప్పుడూ ఆ ఊరిది, దిగే టైము ఈ ఊరిది. ఒకదాంట్లోంచి ఒకటి నేరుగా తీసెయ్యకూడదు. ముందు రెండింటినీ మన టైములోకి మార్చండి, తరవాత తీసెయ్యండి. వేరే చిట్కా ఏదీ నేర్చుకోవద్దు. కలపాలా తియ్యాలా అని ఆలోచించేవాడు సగంసార్లు తప్పుతాడు, నాకు అనుభవం. అమెరికా అయితే తేదీలే మారిపోతాయి. 2021 జనవరి 9వ తేదీ రాత్రి శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎక్కినవాళ్లు, అందరూ మహిళా పైలట్లే నడిపిన ఆ విమానంలో, ధ్రువం మీదుగా వచ్చి 11వ తేదీ తెల్లవారుజామున బెంగళూరులో దిగారు. పదో తేదీ ఏమైందని కంగారు పడక్కర్లేదు. ఎగిరింది పదిహేడు గంటల పైచిలుకే.

ఇక ఇంటి గుమ్మం నుంచి లెక్కేస్తే ఇంకో కథ. ఉద్దానం నుంచి దుబాయ్ వెళ్లే కుర్రాడికి ఆకాశంలో గడిచేది మొత్తం ఐదు గంటల పైన. కారు, ముందుగా వెళ్లి కూర్చోవడం, హైదరాబాద్‌లో పడిగాపులు, అవతల ఇమిగ్రేషన్ క్యూ, అన్నీ కలిపి రోజులో మూడు వంతులు పోతుంది. భోగాపురం విమానాశ్రయం వల్ల మనకి లాభమేంటని అడుగుతారు. ఆకాశంలో లాభం ఏమీ లేదు. విశాఖ విమానాశ్రయానికీ దానికీ నేరుగా నలభై కిలోమీటర్ల పైచిలుకే, విమానానికి అది రెండు మూడు నిమిషాలు. లాభం నేల మీదే. మనకి వంద పైన ఉన్న రోడ్డు సగమవుతుంది. విశాఖ వాళ్లకి పెరుగుతుంది, వాళ్ల విసుగులో న్యాయం లేకపోలేదు. అన్నట్టు, విజయనగరం అశోక్ గజపతిరాజు గారు, మన రామ్మోహన్ నాయుడు గారు, పక్కపక్క జిల్లాల నుంచి ఇద్దరు పౌర విమానయాన మంత్రులయ్యారు. అలాంటి చోట పుట్టి నేను విమానం 12:40కి దిగుతుందనుకుని ఎయిర్‌పోర్టుకి బయలుదేరాను.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక విద్యార్థి: సార్, భూమి తూర్పుకి తిరుగుతోంది కదా. హెలికాప్టర్ పైకి లేచి అలాగే ఆగితే హైదరాబాదే కిందికి వచ్చేస్తుందా?)

భలే అడిగావు. అలా తిరిగితే ముందు వచ్చేది తూర్పున ఉన్నవి కాదు, పడమరవే, అంతవరకు నువ్వు చెప్పింది నిజం. మన అక్షాంశం దగ్గర నేల గంటకి 1,580 కిలోమీటర్లు కదులుతోంది. కాబట్టి ఇరవై నిమిషాల్లో వచ్చెయ్యాలి. రాదు. ఎందుకంటే గాలి కూడా నేలతో కలిసి తిరుగుతోంది, లేచే ముందు నువ్వూ తిరుగుతున్నావు. పోతున్న రైల్లో పెట్టె మధ్యలో నిలబడి ఎగిరి చూడు. వెనక పెట్టెలో పడతావా? అక్కడే పడతావు. అలా ఆగి చూద్దామని రైల్లో ఇప్పుడు ఎగరకు, టీటీఈ దింపేస్తాడు.

(ఇంకో విద్యార్థి: ఫోన్లో ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టాక విమానం వేగం తెలుసుకోవచ్చా సార్?)

జీపీఎస్ ఉపగ్రహాల మాట వినడమే తప్ప తిరిగి ఏమీ పంపదు. చాలా ఫోన్లలో ఆ మోడ్ ఉన్నా పనిచేస్తుంది. కిటికీ పక్కన పెట్టు. అది చూపించేది నేల మీద వేగం. వెళ్లేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి రాసుకో. రెండింటి తేడాలో సగం ఇంచుమించు ఆ దారిలో గాలి.

(ఒక తల్లి: మాస్టారూ, మావోడికి కువైట్ టికెట్టు వచ్చింది. హైదరాబాద్‌లో 14వ తారీకు 00:50కి అని ఉంది. 13 సాయంత్రం విశాఖలో రైలెక్కించేస్తాం. 14 పొద్దున్నకల్లా దిగిపోతాడు, రాత్రి దాకా ఖాళీయే. సరిపోద్ది కదా?)

అమ్మా, మీరు కూర్చోండి. నేను ఇంతసేపు చెప్పినదంతా పక్కన పెట్టి ఇది వినండి. మనకి తెల్లవారితేనే రోజు మారినట్టు. రాత్రి పన్నెండున్నర అయినా "ఇవాళ రాత్రి" అనే అంటాం. టికెట్టుకి అలా కాదు, పన్నెండు కొట్టగానే తారీకు మారిపోతుంది. 14వ తారీకు 00:50 అంటే మన భాషలో 13వ తారీకు రాత్రి. 13 రాత్రి తొమ్మిదికల్లా మీ బాబు శంషాబాద్‌లో ఉండాలి. మీరు చెప్పిన రైల్లో వెళితే, ఆ విమానం లేచే టైముకి వాడు ఇంకా పట్టాల మీదే ఉంటాడు.

రైలు టికెట్టు తీసేశారా? ఒక రోజు ముందు, 12 సాయంత్రానికి మార్చుకోండి. దొరక్కపోతే 13 పొద్దున్న విశాఖలో విమానం, గంటా పది నిమిషాలు. ఆ టికెట్టు ఓసారి ఇలా తెండి, మిగతావి కూడా చూద్దాం. ఎవరైనా ఆ ఫ్యాను కాస్త తగ్గించండి, కాగితం ఎగిరిపోతోంది.